అనుమానపు పట్టిక నుండి హక్కుల పట్టికకు

(నిజామాబాద్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. హాజరు పట్టీలో పేరున్నవాడే బకాయి అడగగలడని కార్మిక కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఏ పట్టీలోనూ సరిగా కనిపించని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను గురించి నేడు మీకు విన్నవించదలచాను.

వారి పేర్లను ప్రభుత్వాలు ఎన్నడూ రాయలేదని కాదు. నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అనగా 1919లో, ఒక చట్టం వచ్చింది. పిల్లలను అపహరిస్తారన్న అనుమానం ఉంటే చాలు, హిజ్రాల పేరూ నివాసమూ రిజిస్టరులోకి ఎక్కేవి. అట్లు నమోదైనవారు స్త్రీ వేషంతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే నిర్బంధించవచ్చు. రాజ్యం పోయినా ఆ చట్టం పోలేదు. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, విద్య, ఉద్యోగాలలో రిజర్వేషన్లకూ ఆసరా పింఛనుకూ ఆదేశాలిచ్చింది.

ఇక ఆ హక్కులు అందవలసిన వారు ఎందరు? 2011 జనగణనలో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’ అన్న గడిలో దేశమంతటా నమోదైనవారు 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఇంటి పెద్ద పరువుకు జంకి దాచినా, ఇల్లు విడిచిన బిడ్డ ఎవరి లెక్కలోకీ రాకపోయినా ఆ అంకె తగ్గిపోతుంది.

అనుమానంతో పేరు రాయడం ఎంతటి గాయమో మన సమాజానికి తెలుసు. న్యాయమైన లెక్క విలువ కూడా తెలుసు. 2006లో సచార్ కమిటీ అంకెలతో చూపిన తరువాతనే మన వెనుకబాటును దేశం కాదనలేకపోయింది. మనకు న్యాయమైనది వారికి అన్యాయం ఎట్లా అవుతుంది?

కనుక నా మనవి ఇది. ఇల్లు విడిచినంత మాత్రాన బిడ్డ పేరును రేషన్ కార్డు నుండి కొట్టివేయించకండి. 2019 చట్టం కింద కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసేవారికి మన యువకులు తోడు నిలవాలి. రానున్న జనగణనలో వారు కోరినట్లే రాయించండి, వారి అనుమతి లేనిదే ఎవరి సంగతీ బయటపెట్టకండి. ఎన్యూమరేటరుకు చెప్పిన వివరాలను 1948 జనగణన చట్టం గోప్యంగా ఉంచుతుంది. బిడ్డ పేరు చెప్పవలసిన మొదటి నోరు మాత్రం తల్లిదండ్రులదే.