పొక్కును దాచకండి

నవంబర్‌లో షేక్ జాయెద్ రోడ్డు మీద జరిగే దుబాయ్ రన్‌కు మన క్యాంపుల నుంచి చాలామంది పేర్లిస్తున్నారు. సంతోషం. ఐదు కిలోమీటర్లో పదో, మీ ఇష్టం. కానీ మర్నాడు పొద్దున సేఫ్టీ షూ తొడగాల్సింది కూడా ఆ కాళ్లకే. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను మొదటిసారి ఉరికింది ముందురోజు రాత్రి కొన్న షూతో. చవగ్గా వస్తుందని, సైజు బిగుతైనా తీసుకున్న. మూడో కిలోమీటరుకే మడమ దగ్గర మంట. పక్కన అందరూ ఉరుకుతుంటే ఆగడానికి సిగ్గనిపించింది. రాత్రి పొక్కు తోలు నేనే పీకేసి, తెల్లారి దాని మీదనే బూటేసుకొని స్లాబ్ పనికి పోయిన. నాలుగో రోజుకు కాలు వాచి చీము పట్టింది. రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో అందరికీ జాగ్రత్తలు చెప్పేటోణ్ణి నేనే!

చెమటకు నానిన తోలు సాక్సుకు అతుక్కుంటుంది, లోపల ఎముక మాత్రం అడుగడుగుకూ కదులుతుంటుంది. ఆ గుంజులాటకు తోలు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. గోడకు ప్లాస్టరింగ్ పట్టు విడిచి ఉబ్బినట్టే అనుకోండి.

షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి. పొడుగు వేలి ముందు చేతి బొటనవేలంత సందు ఉండాలి. రన్‌కు ముందే కొన్ని వారాలు ఆ షూతోనే నడవండి. నూలు సాక్సులు చెమట పీల్చి తడిగానే ఉంటాయి, పాలిస్టర్‌వి మేలు. మడమకు, వేళ్ల సందుల్లో వాజిలిన్ పలుచగా రాయండి. మంట మొదలైందా, అక్కడే ఆగి టేపు వేయండి. రెండు నిమిషాలు పోతే పోనీ.

పొక్కు వస్తే తోలు పీకొద్దు, అదే దానికి కట్టు. ఎరుపు పాకినా, చీము, జ్వరం కనిపించినా క్లినిక్‌కు పోవాలి. షుగర్ ఉన్నోళ్లయితే చిన్న పొక్కునైనా చూపించాలి. కాలికి స్పర్శ తగ్గితే నొప్పి తెలియదు, పుండు తొందరగా మానదు.

జీతం కోస్తారని నేను దాచిన. తర్వాత తెలిసింది: యూఏఈ చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటినోళ్లకు ఏడాదిలో మొదటి 15 రోజుల సిక్ లీవు పూర్తి జీతంతో, ఆ పైన 30 రోజులు సగం జీతంతో ఉంది. మూడు పనిదినాల లోపల కంపెనీకి చెప్పి, డాక్టరు రిపోర్టు ఇవ్వాలి.

సరే, ఇక షూ ముందుకు జరపండి. పై రంధ్రంలోంచి లేసు ఎట్లా కడితే మడమ జారదో చూపిస్తా.