తిథి తెలియని తద్దినం

(మా ఊరి తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలయ్యాక మాట్లాడమన్న కార్యవర్గానికి ధన్యవాదాలు చెప్పాలో, పులిహోర, గారెలు తిని కూర్చున్న మిమ్మల్ని చూసి జాలిపడాలో తెలియడం లేదు. నేను రచయితను కాను, చరిత్ర చదివినవాణ్ణీ కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. మా నాన్నగారు అడిగిన ఒక ప్రశ్న వల్ల ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ఈసారి పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు జెండా కర్ర వైపు ఒకసారి చూడండి. అమెరికా జెండాతో పాటు నల్ల జెండా ఒకటి ఉంటుంది. దాని మీద తల వంచుకున్న మనిషి నీడ, వెనక కాపలా బురుజు, ముళ్ళకంచె. నేను చాలా ఏళ్ళపాటు అది పోస్టల్ డిపార్ట్‌మెంటు వాళ్ళ జెండా అనుకున్నాను! యుద్ధంలో శత్రువుకు చిక్కినవాళ్ళ కోసం, ఆచూకీ తెలియకుండా పోయినవాళ్ళ కోసం వియత్నాం యుద్ధకాలంలో పుట్టిన జెండా అది. ఒకప్పుడు ఏడాదిలో కొన్ని రోజులే ఎగరేసేవారు. పోస్టాఫీసుల దగ్గర రోజూ ఎగరేయాలని 2019లో చట్టం వచ్చింది.

2022లో నాన్నగారు ఆరు నెలల కోసం వచ్చారు. పెద్దవాళ్ళు వస్తే మనం చూపించే క్షేత్రాలు మీకు తెలియనివి కావు: నయాగరా, గుడి, కాస్ట్‌కో. ఆయనకు మాత్రం జిమ్మీ కార్టర్ సొంత ఊరు చూడాలని కోరిక. వేరుశనగ పండించినాయన దేశాధ్యక్షుడయ్యాడంటే రైతుబిడ్డ నాన్నగారికి మహా అభిమానం. అట్లాంటా నుంచి దక్షిణంగా ప్లెయిన్స్ వెళ్ళి, తిరుగుదారిలో ఆండర్సన్‌విల్ దగ్గర గోధుమరంగు బోర్డు చూసి ఆగాం. నిజం చెప్పాలంటే బాత్‌రూం కోసం ఆగాం.

అక్కడున్నది నేషనల్ ప్రిజనర్ ఆఫ్ వార్ మ్యూజియం, అంటే యుద్ధఖైదీల జాతీయ మ్యూజియం. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యం 1864 ఫిబ్రవరిలో అక్కడ ఒక జైలు తెరిచింది. జైలంటే గోడలూ గదులూ కావు. దుంగలు పాతి చుట్టిన ఆరుబయలు. దాన్ని పెంచాక కూడా ఇరవై ఆరున్నర ఎకరాలే. ఆ ఏడాది ఆగస్టులో అందులో 32,000 మందికి పైగా ఉత్తరాది సైనికులున్నారు. తాగడానికీ, మిగతా అన్నిటికీ ఒకటే వాగు. పద్నాలుగు నెలల్లో సుమారు 45,000 మంది లోపలికి వెళితే దాదాపు 13,000 మంది అక్కడే పోయారు. విరేచనాలు, స్కర్వీ, ఆకలి.

దుంగల గోడకు కొంచెం లోపలగా ఒక చిన్న కంచె ఉండేది. అది దాటితే పైనుంచి కాల్చేసేవారు. దాని పేరు డెడ్‌లైన్. మనం రోజూ మేనేజర్ల నోట వినే మాట ఆనాటి జైళ్ళలోంచే వచ్చింది. సోమవారం ఆఫీసులో ఆ మాట వినగానే నాకు ఆ కంచె గుర్తొస్తోంది.

ఉత్తరాది వాళ్ళు కూడా తక్కువ తినలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా జైల్లో సుమారు 12,000 మంది దక్షిణాది ఖైదీలకు గాను దాదాపు 3,000 మంది చనిపోయారు. అందుకే 1970లో ఆండర్సన్‌విల్‌ను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించినప్పుడు, ఈ ఒక్క జైలు కథే కాకుండా అన్ని యుద్ధాల్లో చిక్కిన అమెరికన్ల కథా అక్కడ చెప్పాలని చట్టంలోనే పెట్టారు. ఆ తరువాత మ్యూజియం కట్టడానికి ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. మాజీ యుద్ధఖైదీలు చందాలు పోగుచేశారు. 1994లో ప్రభుత్వం యుద్ధఖైదీల పేర వెండి డాలరు వేసి, ఒక్కో నాణెం మీద పది డాలర్లు అదనంగా వసూలు చేసింది. చివరికి 1998 ఏప్రిల్ 9న తెరిచారు. 1942లో సరిగ్గా ఆ తేదీనే ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో వేలమంది అమెరికన్, ఫిలిపినో సైనికులు జపాన్‌కు లొంగిపోయారు. లొంగిపోయిన రోజును ప్రారంభోత్సవానికి ముహూర్తంగా పెట్టుకోవడం నాకు బాగా నచ్చింది.

మ్యూజియం పక్కనే శ్మశానం. రాళ్ళు దాదాపు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కందకాలు తవ్వి భుజం భుజం ఆనించి పూడ్చారు కాబట్టి మధ్యలో చోటు లేదు. నాన్నగారు చేతికర్ర ఆనించుకుంటూ చాలాసేపు ఆ వరసల్లో నడిచారు. ఆ తరువాత అడిగారు: "ఒరేయ్, పగవాడి జైల్లో, ఆ రొచ్చులో ఇంతమంది పోతే, ఇన్ని పేర్లు ఎవరు రాసిపెట్టార్రా?"

రాసిపెట్టింది పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, డోరెన్స్ అట్‌వాటర్. తనూ ఖైదీయే. దస్తూరీ బాగుందని చావుల రిజిస్టరు రాసే పని అతనికి అప్పగించారు. ఆ రిజిస్టరు ఎప్పటికీ బయటికి రాదేమోనని భయపడి, ఎవరికీ తెలియకుండా రెండో ప్రతి రాసుకుని, విడుదలైనప్పుడు దాచి తెచ్చాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్. 1865 వేసవిలో క్లారా బార్టన్ అనే ఆవిడ, తరువాత అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించినావిడే, అతన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఆ జాబితాలతో సమాధులకు పేర్లు పెట్టారు. పేరు తెలియనివి సుమారు 460 మాత్రమే మిగిలాయి. మరి అట్‌వాటర్‌కు దక్కిన సన్మానం ఏమిటో తెలుసా? జాబితా దొంగిలించాడని సొంత సైన్యమే అతన్ని జైల్లో వేసింది! బయటికొచ్చాక 1866లో అతను దాన్ని అచ్చు వేయించాడు.

తప్పిపోయినవాళ్ళ గురించి క్లారా బార్టన్‌కు 63,000కు పైగా ఉత్తరాలు వచ్చాయి. 22,000 మందికి పైగా ఏమయ్యారో ఆవిడ కనుక్కుంది. వాషింగ్టన్‌లో ఆవిడ ఆఫీసు గది కూలగొట్టబోయే భవనంలో 1996లో బయటపడింది. ఇప్పుడు అది కూడా ఒక మ్యూజియం. ఇంత చేసినా, రెండో ప్రపంచయుద్ధం నుంచి లెక్క తేలని అమెరికన్ సైనికులు ఇంకా 80,000 మందికి పైగా ఉన్నారు. కొందరి విమానాలు మన అరుణాచల్ కొండల్లోనే కూలాయి.

కారెక్కాక నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. మేకన్ దాటాక అన్నారు: "మన మావయ్య పేరు ఎక్కడన్నా రాశారంటావా?"

నాన్నగారి మేనమామ, అంటే మా నాయనమ్మ తమ్ముడు, బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరి మలయా వెళ్ళాడు. మాది ఇంటికో సిపాయిని పంపిన మాధవరం లాంటి ఊరేం కాదు, మా ఊళ్ళో పట్టాళానికి వెళ్ళింది ఆయనొక్కడే. ఆఖరి ఉత్తరం సింగపూర్ నుంచి వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కు లొంగిపోయింది. ఆ తరువాత కబురు లేదు. అక్కడ చిక్కిన భారతీయ సైనికుల్లో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్ళలో ఎంతోమందిని న్యూగినీ దాకా కూలీలుగా తరలించారు. ఈయన ఎటు వెళ్ళాడో ఏ కాగితం మీదా లేదు.

పన్నెండేళ్ళు ఆచూకీ లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించవచ్చని పురోహితుడు చెప్పాడట. ఆయన భార్య ఒప్పుకోలేదు. నాన్నగారు అత్తయ్య అని పిలిచే ఆవిడ చనిపోయేదాకా బొట్టు తీయలేదు. పేరంటాలకు పిలవాలో మానాలో ఊళ్ళో ఆడవాళ్ళకు తెలిసేది కాదు. పిలవకపోతే బాధ, పిలిస్తే గుసగుసలు. ఆవిడే వెళ్ళడం మానేసింది. తిథి తెలియదు కాబట్టి, ఆవిడ పోయాక నాన్నగారు మహాలయ అమావాస్యనాడు ఇద్దరికీ కలిపి నువ్వులూ నీళ్ళూ వదులుతున్నారు.

జాతీయ గుర్తింపు అంటాం కదా, ఈయన్ని గుర్తించాల్సిన జాతి ఏది? జీతం ఇచ్చింది ఇంగ్లండు, పట్టుకున్నది జపాను, పోయిన చోటు తెలియదు, స్వతంత్ర భారతదేశం అప్పటికి పుట్టలేదు. పుట్టాక మాత్రం ఏమైంది? 1971 యుద్ధం తరువాత పాకిస్తాన్ సైనికులు, పౌరులు కలిపి సుమారు 93,000 మందిని మనం వెనక్కి పంపాం. మనవాళ్ళు 54 మంది అక్కడి జైళ్ళలో ఉండిపోయారని మన ప్రభుత్వం, ఎవరూ లేరని వాళ్ళ ప్రభుత్వం చెబుతూ వచ్చాయి. 2007లో కొందరి బంధువులు వెళ్ళి అక్కడి జైళ్ళు చూసి వట్టిచేతులతో తిరిగొచ్చారు. ఆ ఇళ్ళలోనూ అత్తయ్య లాంటివాళ్ళు ఉండే ఉంటారు.

సింగపూర్‌లోని క్రాంజీలో, సమాధి తెలియని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు గోడల మీద చెక్కారు. మన భారతీయులవీ ఉన్నాయి. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ జాబితా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మావయ్య పేరు కొట్టి చూశాను. ఏ ఇంగ్లీషు గుమాస్తా ఏ స్పెల్లింగు రాశాడో! ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు కొందరికే ఉంటుంది. దగ్గరగా ఉన్నవి నాలుగు దొరికాయి. మనవాడు ఎవరో, అసలు ఆ నలుగురిలో ఉన్నాడో లేడో చెప్పేది పట్టాళం నంబరు ఒక్కటే. ఆ నంబరున్న ఉత్తరం పెట్టెలోనే చెదలు తినేసింది.

మీ ఇళ్ళలో అటువంటి ఉత్తరాలు ఉంటే ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు నంబరు కనబడేలా ఫోటో తీసుకోండి. వెతకడానికి సాయం కావాలంటే నేను చేస్తాను, చేయి తిరిగింది. ఆదివారం పొద్దున్న మాత్రం ఫోన్ చేయకండి, అది నాన్నగారి టైము. అమ్మ గురించీ వర్షాల గురించీ చెప్పాక, ఆయన ప్రతి వారం అడుగుతారు: "ఏరా, ఇంకో స్పెల్లింగుతో చూశావా?"