లెక్కకెక్కని అడుగులు
(రోడ్ల విస్తరణపై హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోడ్డు వెడల్పు చేస్తారని వినగానే మనం గోడమీది ఎర్ర గుర్తు చూడటానికి పరుగెత్తుతాం. ఆ గుర్తుకు మూలం అంతకు ఎంతో ముందే ఒక నివేదికలో ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఈ దారిన ఎన్ని వాహనాలు నడుస్తాయో అంచనా కట్టే నివేదిక అది. దానిని చదవటం మనం నేర్చుకోవాలి.

ఆ అంచనా సాధారణంగా నాలుగు మెట్లలో సాగుతుంది. ఏ ప్రాంతం నుంచి ఎన్ని ప్రయాణాలు బయలుదేరుతాయి, ఎక్కడికి చేరుతాయి, ఏ వాహనంపై సాగుతాయి, ఏ దారి పడతాయి అన్నవే ఆ మెట్లు. వీటన్నిటికీ పునాది ఇంటింటి సర్వే, కూడళ్లలో వాహనాల లెక్కింపు. పునాదిలో లేనివారు ఫలితంలోనూ ఉండరు.

మన దేశంలో రోడ్డు సామర్థ్యాన్ని ‘ప్యాసింజర్ కార్ యూనిట్’ అనే కొలతతో లెక్కిస్తారు. కారు విలువ ఒకటి. ద్విచక్ర వాహనానికి, ఆటోకు, బస్సుకు, చివరకు తోపుడుబండికి సైతం ఒక విలువ ఉంది. నడిచే మనిషికి ఆ పట్టికలో చోటు లేదు. లాడ్ బజార్‌లో బేరసారాలు సాగేది కాలినడకనే కదా! రంజాన్ రాత్రులలో చార్మినార్ చుట్టూ కిక్కిరిసే జనం, మామూలు పనిదినాన జరిపే లెక్కింపుకు అందరు.

మరొక సంగతి. వాహనాలు ఏటా 3 శాతం పెరుగుతాయనుకుంటే 20 ఏళ్లకు 1.8 రెట్లవుతాయి, 5 శాతమనుకుంటే 2.65 రెట్లు. కాగితంమీది ఆ రెండు శాతాల తేడా నేలమీద ఒక దుకాణాల వరుసను తుడిచిపెట్టగలదు. పైగా కొత్త రోడ్లు కొత్త రద్దీని తెచ్చిపెట్టగలవని బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘమే 1994లో అంగీకరించింది.

మనం రోడ్లకు వ్యతిరేకులం కాము. అంబులెన్సు రాలేని గల్లీ బాధ మనకు తెలియనిది కాదు. గణితాన్నీ తప్పుపట్టడం లేదు. బస్సులు ఎక్కడ చాలటం లేదో చూపగలిగేదీ ఆ గణితమే. మనం కోరేది మూడే: నడిచేవారిని లెక్కించాలి, పెరుగుదల రేటును ఏ ఆధారంతో నిర్ణయించారో చెప్పాలి, విస్తరణ లేకుండా బస్సులు, కాలిబాటలు పెంచితే ఏమవుతుందో కూడా అదే నమూనాతో లెక్కకట్టి చూపాలి.

ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలకు సంబంధించిన వాస్తవాలను అధికార యంత్రాంగం తనంతట తానే వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4 చెబుతున్నది. ఇల్లు పోయాక పరిహారం కోసం కోర్టు మెట్లెక్కటం కన్నా, గీత పడకముందే లెక్క అడగటం మేలు. ఆ లెక్క మనం కలిసి అడుగుదాం.