సశేషం అని రాసే ముందు

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలు ముగించి, వంటిల్లు సర్దుకొని రేడియో దగ్గర కూర్చున్నారు. చేతిలో బియ్యం చేటో, చిక్కుడుకాయల పళ్లెమో ఉండే ఉంటుంది. ఫరవాలేదు. చేతిపని చేతిది, చెవిపని చెవిది. ఈవేళ సీరియల్ కథల గురించి మాట్లాడదామని వచ్చాను. చదవడం గురించి కాదు, రాయడం గురించి.

మనకెందుకండీ రాయడం అంటారా? మా వీధిలోనే ముగ్గురు ఇల్లాళ్లు ఫోనులో వారానికి రెండేసి, మూడేసి భాగాల చొప్పున నవలలు రాస్తున్నారు. వారిలో ఒకమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చి, "పిన్నిగారూ, మొదటి పది భాగాలూ అందరూ వరసగా చదివారు. ముప్పయ్యో భాగం వచ్చేసరికి పట్టుమని పదిమంది లేరు. ప్రతి భాగం చివరా మెలిక పెడుతూనే ఉన్నానే! ఏం తప్పు చేశానంటారు?" అని కళ్లనీళ్లు పెట్టుకొంది. పిల్లలు నిద్రపోయాక రాత్రి పదకొండింటికి కూర్చుని రాసుకొనే మనిషి. రోజు మొత్తంలో ఆమెకు సొంతమైనది ఆ గంట ఒక్కటే. అందుచేత ఆ కన్నీళ్లను నేను తేలికగా తీసుకోలేకపోయాను.

మెలిక అన్నది కదా, దాని సంగతి ముందు చెప్తాను.

నా చిన్నతనం బందరు కాలవ పక్కన ఒక పల్లెటూళ్లో గడిచింది. వారపత్రిక బెజవాడ నుంచి బస్సులో వచ్చేది. మా అమ్మకు చదువు రాదు. పన్నెండేళ్ల దాన్ని నేను అరుగు మీద కూర్చుని పైకి చదివితే, అమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ వినేవారు. అందులో నాకు అత్తయ్య వరసయ్యే ఒకావిడ స్తంభానికి ఆనుకొని వత్తులు చేసుకొంటూ ఒక్క మాటా మాట్లాడకుండా వినేది.

అప్పుడొస్తున్న సీరియల్ పేరు చెప్పను. అందులో అత్తింట్లో నానా బాధలూ పడే పిల్ల ఒకతె. ఒక వారం కథ ఎక్కడ ఆగిందంటే, అర్ధరాత్రి ఆ పిల్ల ట్రంకుపెట్టె పట్టుకొని గుమ్మంలో నిలబడింది. సశేషం! ఇక ఆ వారమంతా మా ఊళ్లో ఆడవాళ్లకు నిద్రలేదంటే నమ్మండి. పై వారం పత్రిక రాగానే, నోరు విప్పని అత్తయ్య ఒకే ఒక్క మాట అడిగింది. "ఆ పిల్ల పుట్టింటికి వెళ్లిందా?"

ఎందుకడిగిందో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. అత్తయ్య పుట్టిల్లు కాలవకు ఆవలి ఒడ్డున ఉంది. పడవెక్కితే ఎంతోసేపు పట్టదు. తొమ్మిదేళ్లుగా ఆమెను పంపలేదు.

ఆ వారం కథలో ఎవరో తలుపు తట్టారు. మరుసటి వారం, ఆ వచ్చినవాడు ఇల్లు తప్పి వచ్చాడని తేలింది. ఆపైన విదేశాల నుంచి మరిది దిగాడు. అందరూ కలిసి ఊటీ వెళ్లారు. ఊటీలో పూలతోట వర్ణన రెండు వారాలు! గుమ్మంలో నిలబడిన పిల్ల సంగతి రచయిత మరిచిపోయాడో, దాచిపెట్టాడో. ప్రతివారమూ అత్తయ్య అదే ప్రశ్న అడగడం, నేను "లేదత్తయ్యా" అనడం. ఏడో వారానికి ఆవిడ రావడం మానేసింది. తరవాత ఒక్కొక్కరే మానేశారు. చివరకు మేమూ ఆ సీరియల్ వదిలేశాం.

చూశారా, మెలికలో లోపం ఏమీ లేదు. మెలిక పెట్టడమంటే పాఠకురాలి దగ్గర అప్పు తీసుకోవడం. అసలు చివర్న తీర్చవచ్చు గాని, వడ్డీ ఏ వారానికావారం కట్టాలి. ఆ రచయిత వడ్డీ ఎగ్గొట్టాడు.

అసలు, తరవాత ఏమవుతుందో తెలియకపోవడం వల్లే జనం కూర్చుంటారనుకోవడమూ పొరపాటే. మా ఊరి బుర్రకథకులు బొబ్బిలి కథ చెప్పేవారు. 1757లో జరిగిన యుద్ధం. కోట పడిపోతుందనీ, తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి అంతా అయిపోతుందనీ పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా చాపలు చంకన పెట్టుకొని వెళ్లి తెల్లవార్లూ కూర్చునేవాళ్లం, మళ్లీ ఏడాది మళ్లీ వెళ్లేవాళ్లం. మనకు కావలసింది ఆ మనుషులు.

ఈ మాట మన తెలుగు సీరియల్ చరిత్ర చూసినా తెలుస్తుంది. కందుకూరి వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో భాగాలుగానే వచ్చింది, పుస్తకమయింది 1880లో. అంటే మన నవల పుట్టుకతోనే సీరియల్ అన్నమాట! అరవైల నాటికి సీరియల్ మన ఆడవాళ్ల సొత్తయింది. కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణం, రంగనాయకమ్మగారి బలిపీఠం ఆంధ్రప్రభ వారపత్రికలో వచ్చాయి. కృష్ణాజిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ సరేసరి. బెజవాడలో అద్దె లైబ్రరీకి వెళ్లి ఆ పుస్తకం అడిగితే, "మీ ముందు నలుగురున్నారండీ" అనేవాడు కుర్రాడు. పత్రికలో పేజీలు చింపి, సూదీదారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి బీరువాలో చీరల కింద దాచుకున్న వాళ్లు ఈ ప్రసంగం వింటున్న వారిలో లేరంటారా? ఆ కథలో రాజశేఖరం, జయంతి ఒకటవుతారని మొదట్లోనే తెలిసిపోతుంది. ఆ పిల్ల తన అభిమానం చంపుకోకుండా ఎలా నెగ్గుకొస్తుందా అన్నదే మన ఆరాటం.

ఉత్కంఠ మాటకొస్తే తులసిదళం ఉంది కదా అంటారు. ఒప్పుకొంటాను. 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్‌గారు ఆంధ్రభూమి వారపత్రికలో అది రాస్తుంటే, చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్లడానికి భయపడ్డవాళ్లలో నేనూ ఒకదాన్ని. చేతబడి అంటే నాకు నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కాని అక్కడ బాధపడుతున్నది ఒక చిన్నపిల్ల. జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన ఒక్క రాత్రి జాగారం చేసిన తల్లి ఎవరైనా ఆ కథను మధ్యలో వదలగలదా?

ఇంగ్లండులో డికెన్సుగారికీ ఇదే అనుభవం. 1836లో పిక్విక్ కథ నెలకో భాగంగా మొదలుపెడితే మొదట్లో కొన్నవారు కొద్ది వందలే. నాలుగో భాగంలో సత్రంలో బూట్లు తుడిచే శామ్ వెల్లర్ అనే కుర్రాడు వచ్చాడు. వాడి మాటల తీరు జనానికి నచ్చింది. 1837లో కథ ముగిసేనాటికి అమ్మకం 40,000 దగ్గరకు చేరింది. ఒక మంచి మనిషిని కథలోకి తీసుకురావడం పది మెలికల పెట్టు.

సాగదీసినా చూస్తారు కదా అని మీలో కొందరు అనుకొంటూ ఉండవచ్చు. కార్తీక దీపం టీవీలో 2017 నుంచి 2023 దాకా నడిచింది. "ఒక్క డి.ఎన్.ఏ. పరీక్ష చేయిస్తే పోయేదానికి ఇన్నేళ్లా!" అని విసుక్కుంటూనే మనం చూశాం. నేనూ చూశాను, అబద్ధమెందుకు. అది కూడా వంటలక్క కోసమే. ఆవిడ మీద మనకున్న అభిమానాన్ని ఎంతవరకు వాడుకోవచ్చన్నది మాత్రం వేరే ప్రశ్న. టీవీ అయితే కూర తరుగుతూ చూస్తాం. చదవాలంటే పని పక్కనపెట్టి కూర్చోవాలి కదా, చదివే మనిషికి అంత ఓపిక ఉండదు.

మా వీధి అమ్మాయికి నేను ఒక చిన్న ఉపాయం చెప్పాను. పాత పత్రికల్లో సీరియల్ పైన "జరిగిన కథ" అని నాలుగు వాక్యాలు వేసేవారు, గుర్తుందా? నీ ముప్పై భాగాల్లో ప్రతిదానికీ అలాంటి వాక్యం ఒక్కటి రాయమన్నాను. రాసుకొచ్చింది. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అన్నిటికీ ఒకటే వాక్యం! "సుజాత మనసులో మథనపడింది." తొమ్మిది భాగాలపాటు మథనపడితే వెన్నయినా రావాలి కదమ్మా అన్నాను. పకపక నవ్వి, ఆ తొమ్మిదింటినీ రెండు చేస్తానంది.

ఇంకొకటి. లెక్కల పుస్తకంలా ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఎవరికి ఎన్నేళ్లు, ఎవరిది ఏ ఊరు, కథలో ఇప్పుడు కార్తీకమా, ఎండాకాలమా అన్నీ అందులో ఉండాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. నేనూ ఒకప్పుడు ఒక చిన్న పత్రికలో సీరియల్ రాశాను లెండి. తొమ్మిదో భాగంలో మామగారు పోయారు. ఇరవై ఒకటో భాగంలో ఆయన పడకకుర్చీలో కూర్చుని కాఫీ బాగులేదని కోడల్ని కేకలేశారు! ఆ వారం వచ్చిన ఉత్తరాలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుకొంటారు. ఒకావిడైతే "మామగారి ఆబ్దికానికి ఆయన్నే పిలుస్తారా?" అని కార్డు రాసింది.

ఉత్తరాలంటే గుర్తొచ్చింది. చదివినవారు "ఇక్కడ విసుగొచ్చింది" అంటే తప్పక వినండి, వాళ్ల మాట నూటికి తొంభైపాళ్లు నిజం. "సుజాతకు ఫలానావాడితోనే పెళ్లి చెయ్యండి" అంటే మాత్రం నవ్వి ఊరుకోండి. పదిమంది పది రకాలుగా చెప్తారు. ముగింపు ఏమిటో మీకు మొదటి రోజే తెలిసి ఉండాలి, ఎవరికీ చెప్పకపోయినా సరే.

మరి జ్వరాలు, చుట్టాలు, పరీక్షలు మనకు తప్పవు. ఐదారు భాగాలు ముందే రాసి ఉంచుకోవాలి, జాడీలో ఆవకాయలాగా. మంగళవారం అన్నారంటే మంగళవారమే రావాలి. రెండు వారాలు మానేసి మూడోవారం "క్షమించండి" అంటే, చదివే మనిషి క్షమిస్తుంది గాని తిరిగి రాదు.

అత్తయ్య సంగతి చెప్పి ముగిస్తాను. చాలా ఏళ్ల తరవాత పటమటలో ఒక పెళ్లిలో ఆవిడ కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. పక్కన కూర్చోబెట్టుకొని, కుశలప్రశ్నలన్నీ అయ్యాక, "ఇంతకీ ఆ పిల్ల పుట్టింటికి వెళ్లిందటే?" అంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తల వంచుకొని, "తెలీదత్తయ్యా, మేమూ మధ్యలోనే మానేశాం" అన్నాను.

"సరేలే. నేను వెళ్లానులే" అంది. వాళ్లమ్మకు జబ్బు చేసిన ఏడాది, ఎవరినీ అడక్కుండా, పెట్టె కూడా తీసుకోకుండా పడవెక్కిందట. నెల రోజులు ఉండి, తల్లికి చేతులారా అన్నం తినిపించి వచ్చిందట. తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అనలేదట.

ఈ మధ్య ఆ సీరియల్ పుస్తకంగా వచ్చిందేమోనని పాతపుస్తకాల దుకాణాల్లో అడిగి చూశాను. దొరకలేదు. మీలో ఎవరి దగ్గరైనా పేజీలు కుట్టి దాచిన ప్రతి ఉంటే, అత్తయ్యకు చెప్పాలి, ఒక్క ముక్క రాసి పడెయ్యండి. సెలవు.