ఎక్స్‌రే గదిలోకి పోకముందే అడగాల్సిన మాట
(మానవపాడు మండల ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం)



ఈరోజు పెద్ద పెద్ద ఆపరేషన్ల గురించి చెప్పను. ఒక్క ఎక్స్‌రే గురించే చెప్తాను. ఎందుకంటే జేబులోంచి డబ్బులు పోవడం మొదలయ్యేది అక్కడే.

మిరప చేలో జారిపడ్డారు, చెయ్యి వాచింది అనుకోండి. ప్రైవేటు ఆసుపత్రికి పోగానే "ముందు ఎక్స్‌రేకు డబ్బులు కట్టండి" అంటారు. "మాకు ఆరోగ్యశ్రీ ఉంది గదా" అని మీరంటారు. "ఎక్స్‌రేకు అది రాదు" అని వాళ్లంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. అంటే ఈ పథకం మనకు పాత చుట్టమే. 2023 డిసెంబర్ 9న కుటుంబానికి ఏడాది పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే ఇందులో ఎక్స్‌రేకు ఇంత, రక్త పరీక్షకు ఇంత అని విడివిడిగా చెల్లించరు. చికిత్స మొత్తానికి కలిపి ఒకటే ప్యాకేజీ ధర. ఎముక విరిగి ఆపరేషన్ పడితే పరీక్షలు, మందులు, మంచం, భోజనం అన్నీ అందులోనే. ఆ ఎక్స్‌రేకు మీరు వేరుగా కట్టనక్కర్లేదు. "అనుమతి రాకముందు తీసింది, అది లెక్కలోకి రాదు" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అనుమతి కోసం పంపే కాగితాల్లో ముఖ్యమైనదే ఆ ఎక్స్‌రే.

విరగలేదు, బెణికింది, కట్టు కట్టి ఇంటికి పంపారు. అప్పుడు మామూలుగా ప్యాకేజీ ఉండదు. ఖర్చు మీదే.

కాబట్టి నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బిల్లు కౌంటర్‌కు కాదు, ఆరోగ్యమిత్ర దగ్గరకు పోండి. రేషన్ కార్డు, ఆధార్ చూపించి ఒక్కటే అడగండి: "ఇది పథకంలోకి వస్తుందా? రాకపోతే ఎక్స్‌రేకు నగదు ఎంత?" డబ్బులు కట్టమని ఒత్తిడి చేస్తే 104కు ఫోన్ చేయండి. కట్టక తప్పకపోతే రసీదు తీసుకోండి. రసీదు లేని ఫిర్యాదు నిలబడటం కష్టం.

నగదే అయితే బేరానికి సిగ్గుపడొద్దు. ఎముకకు తరచుగా ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తారు. చెప్పిన ధర ఒకదానికా, రెండింటికా? డాక్టరు ఫీజు అందులో ఉందా? ఈ మాట తేలకుండా రెండు ఆసుపత్రుల ధరలు పోల్చలేం.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రేకు డబ్బులు లేవు. కానీ గద్వాల పోయి రావడానికి ఛార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి, మీ కూలి పోతాయి గదా. అవీ లెక్కేయండి. దగ్గర్లో 400కు తీస్తారు, గద్వాల పోతే ఇద్దరి కూలి, ఛార్జీలు కలిపి 1,000 పోతుంది అనుకుంటే, 400 కట్టడమే నయం. ప్రభుత్వ అధికారిని అయ్యుండి ఇట్లా చెప్తున్నానేమిటని అనుకోకండి, లెక్క లెక్కే. కానీ విరిగిందని గట్టి అనుమానం ఉంటే మాత్రం నేరుగా ఎముకల డాక్టరు ఉన్నచోటికే పోండి. లేదంటే రెండుసార్లు ఖర్చు.

మనవాళ్లు చాలామంది తుంగభద్ర దాటి కర్నూలు పోతారు. దగ్గర కాబట్టి తప్పేం లేదు. కానీ అది వేరే రాష్ట్రం. మన కార్డు అక్కడి ఆ ఆసుపత్రిలో చెల్లుతుందా అని బయల్దేరే ముందే 104కు అడగండి.

కొందరికి హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లల కంపెనీ బీమా ఉంటుంది. అక్కడ కూడా ఉత్త ఎక్స్‌రేకు చాలా పాలసీలు డబ్బులివ్వవు. ఆసుపత్రిలో చేరితే మాత్రం, పాలసీలో రాసిన రోజుల లోపు చేయించిన పరీక్షల బిల్లులు తిరిగి రావచ్చు. పాలసీ వర్తించినా బీమాకు ఎంత, నగదుకు ఎంత అని రెండూ అడగండి. ఒకే ఆసుపత్రిలో రెండు ధరలు ఉండటం వింతేం కాదు. బీమా బిల్లు పెద్దదైతే ఆ మేరకు మీ పాలసీ మొత్తమే తరుగుతుంది.

డబ్బులు కట్టి తీయించుకున్న ఎక్స్‌రే ఫిల్మ్, రిపోర్టు మీవి. అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఫొటో ఒక్కటే సరిపోదు, ఇంకో డాక్టరు మళ్లీ తీయమంటాడు. గర్భిణులు, గర్భమేమో అని అనుమానం ఉన్నవాళ్లు ఎక్స్‌రే గదిలోకి పోకముందే ఆ మాట చెప్పాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న పాత బిల్లులు తీయండి, ఒక్కొక్కటి చూద్దాం.