పాఠము వ్రాయువారికిని చదువువారికిని నడుమ
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

ఈ పాఠశాలలో చదివి బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నవారమగుటచే, ఆ ఉద్యోగమెట్టిదో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. మా పదవి పేరు టెక్నికల్ ప్రాడక్ట్ మేనేజర్. ఇది యేమి పనియో మా అమ్మగారికే ఇంతవరకు విప్పి చెప్పలేకపోతిమి.

సెల్‌ఫోనులో పాఠములు చెప్పు సంస్థ మాది. పాఠములు వ్రాయువారు ఉపాధ్యాయులు. వానిని యంత్రమున నడుపువారు ఇంజనీర్లు. ఏది ముందు చేయవలెను, ఏది మానవలెను, ఎందులకు అని నిశ్చయించి, అందరికిని తెలియునట్లు వ్రాసియిచ్చుట మా పని. ఇల్లు కట్టించు మేస్త్రీ వంటివారమనవచ్చును. అయితే మేస్త్రీ మాట కూలీలు విందురు. మా మాట వినవలెనను నిర్బంధమెవరికిని లేదు. లెక్కలు చూపి ఒప్పింపవలెను.

2020లో కోవిడ్ వలన బడులు మూతపడగా మా పాఠములకు గిరాకీ హఠాత్తుగా పెరిగెను. పిల్లలు సులభముగా ప్రవేశింపవలెనని, 'విద్యార్థి తన రాష్ట్రమును చెప్పిన చాలును, భాషను యంత్రమే ఎంచుకొనును' అని వ్రాసియిచ్చితిమి. ఆంధ్రమన్న తెలుగు, కర్ణాటకమన్న కన్నడము; వలదన్నవారికి ఇంగ్లీషు. ఒక ప్రశ్న తగ్గినదని అందరును మెచ్చుకొనిరి. వ్రాసినవారమో, ఇంట తెలుగు, అంగడిలో రెండును, తాలూకా కచేరీలో కన్నడము మాటలాడి పెరిగిన శ్రీనివాసపురమువారము!

మరుసటి యేడు మామిడికాయల కాలమున ఊరికి వచ్చితిమి. ఎనిమిదవ తరగతి చదువు పొరుగింటి బాలిక తండ్రి ఫోను తెచ్చి, "మామా, ఇందులో మా పుస్తకం లేదే!" అనెను. ఆ చిన్నది ఇంగ్లీషు గడిని నొక్కి, తెలిసినంత చూచి, మూసివేయుచుండెనట. ఆ పాఠములను చేయించినది మేమేయని ఆమెకు చెప్పుటకు నోరు రాలేదు.

బెంగుళూరు చేరి లెక్కలు తీసితిమి. కర్ణాటకమున తెలుగు కోరినవారి సంఖ్య సున్న. మరి యేమగును? కోరుటకు గడియే లేదు గదా! ఇంగ్లీషు నొక్కినవారందరును ఇంగ్లీషు విద్యార్థులుగానే లెక్కకు ఎక్కిరి. మా తప్పునకు మా తప్పే సాక్ష్యము చెప్పుచుండెను.

ఆంధ్ర పాఠములనే ఇటు చూపిన చాలదాయని యొక ఇంజనీరు అడిగెను. చాలదు. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘము కన్నడముతోపాటు తెలుగు, ఉర్దూ, మరాఠీ, తమిళము మొదలగు మాధ్యమములలోను పుస్తకములను వెలువరించును. మాటలు తెలుగువే గాని పాఠ్యక్రమమును, పరీక్షయు కర్ణాటకమువి. ఇక లిపి అడ్డమందుమా, 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగున్నది. ఆ పట్టికలో తెలుగు గడుల ప్రక్కనే కన్నడపు గడులు, మన వీధిలోవలెనే.

1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. మా వంటి సంస్థలకు ఆ బాధ్యత లేదు. కావున భాషను వేరుగా అడుగు గడిని కొన్ని వారములుంచి చూతమని బ్రతిమాలుకొంటిమి. కోలారు, చిక్కబళ్ళాపురములనుండి తెలుగు కోరిరి. మేము తలంపని విధముగా బెళగావినుండి మరాఠీయు, కలబురగినుండి ఉర్దూయు కోరిరి. ఆ పిల్లలందరును అంతవరకు మా పుస్తకములలో ఇంగ్లీషువారే.

ఇప్పుడా గడి యున్నది. గణితమును, విజ్ఞానమును తెలుగున వచ్చినవి. సాంఘిక శాస్త్రము ఇంకను రాలేదు. పాఠము చదివి వినిపించు గొంతు కోస్తా జిల్లాలది. మన పిల్లలు విని నవ్వుచున్నారట. మన సీమ పలుకుబడి గల ఉపాధ్యాయులిద్దరు ముందుకు వచ్చినచో ఈ నెలలోనే పని మొదలిడుదుము. సభ ముగిసిన పిమ్మట మేము గ్రంథాలయపు గదిలో నుందుము.