బీగం వేస్తే చాలదు: ఖాళీ కట్టడాలను కాపాడుకుందాం

(వార్షికోత్సవ సభలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవమంటే సన్మానాలు, పిల్లలకు ప్రతిభా పురస్కారాలు, రాబోయే ఏటి పనులు. వాటి గురించి పెద్దలు మాట్లాడినారు. మేము ఇంకొక సంగతి మీ ముందు పెడతాం. అది మన ఖాళీ కట్టడాల సంగతి. ఆగిపోయిన మగ్గాల షెడ్లు, బాడుగదారులు వదిలిపెట్టిన మళిగెలు, సరుకు లేని గోదాములు, సంఘాల పేరు మీద ఉండి తలుపు తెరవని డిపోలు.

ఇవి ఎందుకు ఖాళీ అయినాయో మీకు తెలుసు. నూలు ధర, పట్టు ధర ఒక పక్క, గిరాకీ లేకపోవడం ఇంకో పక్క. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనాక ఆగిన మగ్గాల్లో కొన్ని మళ్లీ ఆడనే లేదు. పిల్లలు చదువుకొని బెంగళూరికి పోతా ఉన్నారు. షెడ్డు మాత్రం ఇక్కడే నిలబడి ఉంది.

"బీగం ఏసినాం కదన్నా, ఇంకేం భయం?" అంటారు మనవాళ్లు. నెలల తరబడి దుమ్ము పట్టిన బీగాన్ని చూస్తే దొంగకు ఒక సంగతి తెలిసిపోతుంది: ఇక్కడికి ఎవరూ రారు అని. మొదట కరెంటు వైరు పోతుంది, అందులో రాగి ఉంది కాబట్టి. తర్వాత మోటారు, ఆ తర్వాత జకార్డు, కిటికీ చువ్వలు. కడకు పేకాట, తాగుడు అక్కడే మొదలవుతాయి.

ఇది సొత్తు నష్టం మాత్రమే కాదు. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా వలసపోయి పనిచేసిన ముంబై మిల్లులనే తీసుకుందాం. 1982 జనవరిలో మొదలైన పెద్ద సమ్మె తర్వాత అక్కడ ఎన్నో మిల్లులు మూతపడినాయి. మహాలక్ష్మి దగ్గరి శక్తి మిల్స్ కూడా మూతపడి పాడుబడింది. 2013 ఆగస్టు 22న, పనిమీద ఫొటోలు తీయడానికి వెళ్లిన ఒక యువ పాత్రికేయురాలి మీద ఆ పాడు ఆవరణలోనే సామూహిక అత్యాచారం జరిగింది. పాపం నేరం చేసినవాళ్లదే. కానీ ఊరి నడుమ ఎవరి కన్నూ పడని చోటు అట్లా ఏళ్లకేళ్లు ఉండిపోయింది. మన షెడ్ల పక్కనుంచి కూడా ఆడపిల్లలు బడికి, కాలేజీకి నడిచి పోతా ఉన్నారు.

ఇంకొకటి అమెరికాలో జరిగింది. వూస్టర్ అనే ఊళ్లో ఏళ్లుగా ఖాళీగా ఉన్న ఒక శీతల గిడ్డంగికి 1999 డిసెంబరు 3న నిప్పంటుకుంది. అందులో తలదాచుకున్న నిలువనీడ లేనివాళ్ల కొవ్వొత్తి పడి మంట లేచింది. లోపల మనుషులు చిక్కుకొని ఉంటారేమోనని వెతకబోయి ఆరుగురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు వెతికిన మనుషులు అప్పటికే బయటపడి ఉన్నారు. లోపల ఎవరున్నారో చెప్పగలిగే మనిషి లేకపోతే ఇట్లాంటివి జరుగుతాయి.

కాబట్టి మేము చెప్పేది ఒకటే. కట్టడాన్ని కాపాడేది బీగం కాదు, దాన్ని చూసుకునే మనిషి. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని పెద్దలు ఊరకే అనలేదు. సంఘం ఆస్తి అందరిదీ, అందుకే ఎవరిదీ కాకుండా పోతా ఉంది. ప్రతి ఖాళీ కట్టడానికీ ఒక పేరు ఉండాలి. ఆ పేరు తీర్మానాల పుస్తకంలో రాసి ఉండాలి.

ఆ మనిషి ఏం చేయాల? పెద్ద ఖర్చు లేని పనులే చెబుతాం.

మొదటిది బీగంచేతులు. బాడుగదారు ఖాళీ చేసిన రోజే పాత బీగం మార్చండి. చేతులు రెండే ఉండాల, ఎవరి దగ్గర ఉన్నాయో రాసి పెట్టాల. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. షట్టరుకు నడుమ బీగం ఒక్కటే చాలదు, రెండు పక్కలా వేయండి. దొంగ ముందు వాకిలి గుండానే రావాలని లేదు. వెనక కిటికీ, గాలి కంత, పైకప్పు రేకు కూడా చూసుకోండి.

రెండోది కరెంటు. మెయిన్ ఆపండి. చాలా కాలం వాడేది లేకపోతే బెస్కాంకు అర్జీ ఇచ్చి కనెక్షన్ తీయించండి. కెమెరాకో, వాకిలి దీపానికో కరెంటు కావాలంటే దానికి మాత్రం విడిగా లైను ఉంచుకోండి. నూలు వేస్టు, నూనె గుడ్డలు, అట్టపెట్టెలు, గ్యాసు సిలిండరు లోపల వదలొద్దు. విప్పగలిగిన మోటారు, జకార్డు ఇంటికి తెచ్చుకోండి.

మూడోది నీళ్లు. తొట్టి, ట్యాంకు ఖాళీ చేయండి, లేదంటే దోమలు పెరిగి పక్కింటి పిల్లలకు డెంగీ వస్తుంది. వానలకు ముందు పైకప్పు, నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయించండి.

నాలుగోది వారం వారం చూసి రావడం. లోపలికి పోయి ఒక సుత్తు తిరిగి, నాలుగు ఫొటోలు తీసి తేదీతో వాట్సాప్ గ్రూపులో పెట్టండి. వాకిట్లో పిచ్చిచెట్లు పీకేయండి, షట్టరు కింద ఉత్తరాలు, గోడ మీద పోస్టర్లు పోగుపడనివ్వద్దు. ఎదురుగా ఉండే టీ అంగడి ఆయనకు మీ ఫోన్ నంబరు ఇవ్వండి. బీటు పోలీసుకు కట్టడం ఖాళీగా ఉందని రాతపూర్వకంగా తెలపండి. లోపల ఎవరైనా ఉన్నారని అనుమానం వస్తే ఒంటరిగా పోవద్దు, 112కు ఫోన్ చేయండి. ఇంకొక మాట. దొంగల భయంతో తీగకు కరెంటు పెట్టే పని ఎవరూ చేయొద్దు. బంతి కోసం గోడ దూకిన పిల్లవాడి ప్రాణం పోతుంది, మీరు జైలుకు పోతారు.

ఐదోది కాగితాలు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కొన్ని అగ్నిప్రమాద బీమా పాలసీల్లో, కట్టడం 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, బీమా కంపెనీ అనుమతి ముందుగా పాలసీలో రాయించుకోకపోతే రక్షణ ఆగిపోతుందనే షరతు ఉంటుంది. కంతు కట్టినాం కదా అని నిమ్మళంగా ఉండొద్దు, పాలసీ తీసి చదవండి. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాల. కందాయం నగరసభలో గానీ పురసభలో గానీ ఏటా కట్టి రసీదు దాచండి. ఖాతా ఎవరి పేరున ఉందో చూడండి, చనిపోయిన పెద్దల పేరునే ఉంటే మార్పించండి. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, వేరేవాళ్లు మీ హక్కును కాదని బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు అనుభవిస్తే, ఆ ప్రైవేటు ఆస్తి మీద మీ హక్కే పోయే ప్రమాదం ఉంది. కాపలాకని ఎవరినైనా ఉంచితే, మనసు మంచిదే, పత్రం మాత్రం రాయించుకోండి.

ఇవన్నీ చేసినా, ఖాళీ కట్టడానికి అసలైన కాపలా దాన్ని వాడుకోవడమే. మగ్గం ఆడకపోయినా సాయంత్రం పిల్లల ట్యూషన్ పెట్టవచ్చు, మహిళా సంఘం కుట్టుపని పెట్టవచ్చు, పట్టుగూళ్ల రైతుకు నాలుగు నెలలు బాడుగకు ఇవ్వవచ్చు. బాడుగ తక్కువ వచ్చినా పరవాలేదు. దీపం వెలిగే చోట దొంగ నిలవడు.

ఈ సభ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం. ఒకటి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు ఊళ్లలోనూ మన ఖాళీ కట్టడాల జాబితా వచ్చే సభలోపల తయారు కావాల. రెండు, ఒక్కొక్క దానికి బాధ్యుడి పేరు, వారం వారం చూసిన పుస్తకం ఉండాల. మూడు, ఆ జాబితా ప్రతి సభలో చదివి వినిపించాల.

మన పెద్దలు ఒక్కొక్క పోగు కలిపి బట్ట నేసినట్టే, ఒక్కొక్క రూపాయి పోగుచేసి ఈ కట్టడాలు లేపినారు. బట్టలో ఒక పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి ముడి వేస్తాడు. ఇక్కడ కూడా ఆ పని ఇప్పుడే చేద్దాం.

నేతన్నల ఐక్యత వర్ధిల్లాలి.